చేతికర్రా, మోచేతి కర్రా, వాకరా? పైకి కనిపించని జబ్బుతో గోదావరి నేల మీద నడిచేవాళ్ళకు

నడకకు ఊతం కొనాలనుకునేవాళ్ళు ముందుగా "ఏ కర్ర మంచిదండీ?" అని అడుగుతారు. దానికంటే ముందు తేల్చుకోవాల్సినవి రెండున్నాయి. రోజులో మీ కాళ్ళు ఎక్కువగా మొరాయించేది ఏ వేళ? ఆ వేళకి మీరు ఉండేది ఏ నేల మీద? ఇంట్లో టైల్స్ మీదా, కాలవ గట్టు మీదా, బస్టాండులోనా, ఆఫీసు మెట్ల మీదా? ఈ రెండూ తేలితే సర్జికల్ షాపులో ఉన్న సామానులో సగం మీకు అక్కర్లేదని గుమ్మంలోనే తెలిసిపోతుంది. ఊతం ఎప్పుడూ బాగోలేని గంటను చూసి కొనాలి. బాగున్న గంటను చూసి కొంటే అది ఇంట్లో మూలన పడి ఉంటుంది, అవసరం వచ్చినప్పుడు సరిపోదు.

ఇది ముఖ్యంగా చూడ్డానికి బాగానే ఉండేవాళ్ళ కోసం రాస్తున్నాను. కట్టు లేదు, వాపు లేదు, వయసు మీరలేదు, కానీ నడక కష్టం. మల్టిపుల్ స్క్లెరోసిస్, కీళ్ళవాతం, లూపస్ (ఒంటి రక్షణ శక్తే ఒంటి మీద తిరగబడే జబ్బు), చెవి లోపలి భాగం దెబ్బతిని తూలడం, గుండె బలహీనపడి ఆయాసం రావడం, పార్కిన్సన్స్ మొదటి దశ, ఇలాంటివన్నీ ఈ కోవలోకే వస్తాయి. నాది మల్టిపుల్ స్క్లెరోసిస్. పొద్దున్న పాలకేంద్రం దాకా మామూలుగా వెళ్ళొచ్చే మనిషిని మధ్యాహ్నం అదే దారిలో కుడికాలు ఈడ్చుకుంటూ వస్తాను. ఈ జబ్బులో నరాల మీదుండే పొర అక్కడక్కడ దెబ్బతింటుంది. ఒంట్లో వేడి కాస్త పెరిగినా ఆ నరాల్లో సంకేతాలు ఇంకా నెమ్మదిస్తాయి. అందుకే రోహిణి కార్తెలో, ఉక్కపోతలో, మన డెల్టాలో ఈ జబ్బున్నవాళ్ళ నడక ఒక్కసారిగా మారిపోతుంది. చల్లబడ్డాక మళ్ళీ కాస్త కుదుటపడుతుంది. చూసేవాళ్ళకు ఇది అర్థం కాదు. పొద్దున్న బాగానే ఉందిగా అంటారు.

మీ కాలికి ఏం కావాలి

ఊతం చేసే పనులు అన్నీ ఒకటి కావు. కొందరికి బరువు దించుకోవాలి, మోకాలో తుంటో నొప్పి పెడుతుంది కాబట్టి. కొందరికి బరువుతో పనిలేదు, తూకం నిలిస్తే చాలు. ఇంకొందరికి నడక బాగానే ఉంటుంది, పది నిమిషాలకోసారి కూర్చునే చోటు లేకపోతే మాత్రం అడుగు పడదు. మరికొందరికి పాదం ముందు భాగం పైకి లేవక ప్రతి గడపకీ తగులుకుంటుంది.

ఈ చివరి రకంవాళ్ళకు నేను ముందు చెప్పేది కర్ర సంగతి కాదు. డాక్టర్లు ఫుట్ డ్రాప్ అనే ఈ ఇబ్బందికి ఏఎఫ్‌వో అని, మడమ వెనక నుంచి పిక్క దాకా వచ్చే పల్చటి ప్లాస్టిక్ పట్టీ ఉంటుంది. పాదాన్ని వేలాడకుండా పట్టి ఉంచుతుంది. ప్యాంటు కింద, చుడీదార్ కింద కనిపించదు కూడా. కర్ర మీద కర్ర మార్చి విసిగిపోయినవాళ్ళకు ఆ పట్టీతో నడక తేలికైన సందర్భాలు ఉన్నాయి. కాబట్టి కొనేముందు ఒకసారి ఫిజియోథెరపిస్టుకు నడిచి చూపించండి. కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో ఫిజియోథెరపీ చూస్తారు. అంత దూరం వెళ్ళలేనివాళ్ళకు ఇప్పుడు అమలాపురం, భీమవరం, తణుకు లాంటి ఊళ్ళలో కూడా ఫిజియోథెరపిస్టులు దొరుకుతున్నారు.

ఒంటికర్ర

ఎక్కువమందికి మొదట సరిపోయేది ఇదే. ఒంటి బరువులో సుమారు నాలుగో వంతు దాకా మోస్తుందని లెక్క. ఎత్తు సర్దుకునే అల్యూమినియం కర్ర కొన్ని వందల్లో వస్తుంది. ఇంట్లో తాతగారి పొన్నుకర్ర ఉంటే దాన్నే వాడుకుందామనిపిస్తుంది. అది ఆయన ఎత్తుకు కోసిన కర్ర, పైగా కింద ఇనప పొన్ను గ్రానైట్ మీద జారుతుంది. మీ ఎత్తుకు కోయించి, కింద రబ్బరు బుష్ తొడిగిస్తే నిక్షేపంగా వాడుకోవచ్చు.

ఎత్తు చూసే పద్ధతి ఇది. రోజూ వేసుకునే చెప్పులతో నిటారుగా నిలబడి చేతులు వదిలెయ్యండి. మణికట్టు మడతకు ఎదురుగా కర్ర పిడి రావాలి. పట్టుకున్నప్పుడు మోచెయ్యి కాస్త వంగి ఉండాలి. పొడుగైతే భుజం పైకి లేస్తుంది, పొట్టిదైతే నడుం వంగుతుంది, సాయంత్రానికి రెండూ నొప్పే.

రెండో సంగతి, కర్ర పట్టాల్సింది బాధ ఉన్న కాలికి ఎదురు చేతిలో. కుడికాలు బలహీనమైతే ఎడమచేతిలో. బలహీనమైన కాలు, కర్ర కలిసి ముందుకు పడాలి. మన దగ్గర పదిమందిలో ఎక్కువమంది బాధ ఉన్న వైపే పట్టుకుంటారు, సినిమాల్లో కూడా అలాగే చూపిస్తారు. మెట్లు ఎక్కేటప్పుడు ముందు మంచికాలు, దిగేటప్పుడు ముందు కర్రా బాధ కాలూ.

మడత కర్ర, మామూలు కర్ర, ఈ రెండిట్లో ఏదంటే, రోజంతా ఊతం కావాల్సినవాళ్ళు మడతలేనిదే తీసుకోండి. మడత కర్ర కీళ్ళు కొన్నాళ్ళకు వదులై లోపల టకటకలాడతాయి, బరువు మోపాలంటే భయం వేస్తుంది. నాలాగా కొన్ని గంటలే అవసరమయ్యేవాళ్ళకు మడత కర్ర వరం. షేర్ ఆటోలో ఒళ్ళో పెట్టుకోవచ్చు, బ్యాగులో పడేసుకోవచ్చు.

కీళ్ళవాతంతో వేళ్ళు వంగినవాళ్ళు పిడి గురించి పట్టుబట్టండి. గుండ్రంగా వంపు తిరిగిన మామూలు పిడి బరువంతా అరచేతిలో ఒకే చోట మోపుతుంది. అరచెయ్యంతా ఆనేలా వెడల్పుగా, కుడికి ఎడమకు విడివిడిగా చేసిన పిడులు ఉంటాయి. షాపులో లేకపోతే తెప్పించమనండి. మణికట్టు కూడా పాడైతే ముంజేయి మొత్తం ఆనించుకునే రకం క్రచ్ అడగండి.

కళ్ళు తిరిగి తూలేవాళ్ళకు తేలికైన ఒంటికర్ర చాలాసార్లు చాలు. దాని మీద బరువు మోపక్కర్లేదు. నేల ఎక్కడుందో చేతికి తెలిస్తే ఆ కబురుతోనే ఒళ్ళు తూకం సర్దుకుంటుంది. తూలడం ఎక్కువగా ఉంటే రెండు చేతుల్లోనూ రెండు ట్రెక్కింగ్ కర్రలు ఇంకా మేలు.

మూడు కాళ్ళ కర్ర, నాలుగు కాళ్ళ కర్ర

షాపువాళ్ళు ముందు దీన్నే చేతిలో పెడతారు, "పడిపోదండీ, దానంతట అదే నిలబడుతుంది" అంటూ. కర్ర నిలబడుతుంది, నిజమే. పక్షవాతం వచ్చి ఒక పక్క బలహీనపడి ఇంట్లోనే నడిచేవాళ్ళకు ఇది బాగా పనికొస్తుంది. బయట మాత్రం నాకు నచ్చదు. దాని కాళ్ళన్నీ ఒకేసారి నేలకు ఆనితేనే ఊతం. కాటన్ దొర కాలవలు తవ్వించినప్పటి నుంచి మన పల్లెల దారులు చాలావరకు గట్ల మీదే కదా, ఆ గట్లు ఒక పక్కకు వాలి ఉంటాయి. నాలుగిట్లో రెండు కాళ్ళు గాల్లో ఉండగా బరువు మోపితే కర్ర ఊగుతుంది, దాంతోపాటు మనిషీ ఊగుతాడు. త్వరగా నడిచే అలవాటున్నవాళ్ళకు దాని కాళ్ళు పాదానికి అడ్డం పడతాయి కూడా.

మోచేతి కర్రలు

రెండు కాళ్ళూ బలహీనమైతే, లేదా ఒంటికర్రతో తరచూ తూలుతుంటే తరవాతి మెట్టు ఇదే. ముంజేతి చుట్టూ పట్టీ ఉంటుంది కాబట్టి తాళం తీయాలన్నా, డబ్బులివ్వాలన్నా పిడి వదిలినా కర్ర వేలాడుతూనే ఉంటుంది, కింద పడదు. ఒక్కటి వాడొచ్చు, జత వాడొచ్చు.

మన దగ్గర క్రచెస్ అనగానే చంకకర్రలే తెస్తారు. కాలు విరిగి రెండు మూడు నెలలు వాడేవాళ్ళకు అవి సరే. ఏళ్ళ తరబడి ఉండే జబ్బుకు వద్దు. అలసిపోయినప్పుడు ఎవరైనా చంకల మీదే వాలిపోతారు, అక్కడ నరాలు నొక్కుకుపోయి చేతులు తిమ్మిరెక్కుతాయి, మణికట్టు పట్టు తప్పేదాకా కూడా పోవచ్చు. అసలే నరాల జబ్బున్న మనిషికి చేతులకు కూడా ఆ బాధ ఎందుకు తెచ్చిపెట్టడం?

ఒక్క ఇబ్బంది ఉంది. మోచేతి కర్ర చూడగానే జనం "ఏదో పెద్ద జబ్బే" అనుకుంటారు. ఒంటికర్రకు వచ్చే ప్రశ్నల కంటే దీనికి ఎక్కువ వస్తాయి. ఆ ఒక్క కారణంతో మాత్రం ఒంటికర్రకు దిగకండి. పడి తుంటి విరిగితే వచ్చే ప్రశ్నలు ఇంకా ఎక్కువ, మంచం మీద నుంచి చెప్పుకోవాలి.

వాకర్, చక్రాల వాకర్

ఎత్తి పెట్టే నాలుగు కాళ్ళ వాకర్ ఇల్లు దాటదు. టైల్స్ వేసిన కొత్త ఇళ్ళలో సుఖంగా ఉంటుంది. పాత మండువా ఇంట్లో మాత్రం ప్రతి గడప దగ్గరా దాన్ని ఎత్తాలి, ఎత్తిన ఆ క్షణంలో మనిషికి ఆసరా ఉండదు. అలాంటి ఇళ్ళలో వాకర్ కొనే డబ్బులో కొంత తీసి గడపకు అటూ ఇటూ వాలుగా చెక్కలు వేయించండి, బాత్రూం గోడకు పట్టుకునే కడ్డీ బిగించండి. పొద్దున్నే కళ్ళాపి చల్లి ముగ్గు వేసిన వాకిలి కూడా ఒక గండమే. తడి ఆరేదాకా అటు వెళ్ళకపోవడం మంచిది.

చక్రాల వాకర్ అంటే బ్రేకులు, సీటు, బుట్ట ఉండేది. కొన్ని వేల రూపాయలవుతుంది. ఆయాసం వచ్చేవాళ్ళకు, త్వరగా నీరసపడిపోయేవాళ్ళకు దీన్ని మించింది లేదు, ఎక్కడ అలిసిపోతే అక్కడే కూర్చోవచ్చు. ఆసుపత్రి వరండాలు, రాజమండ్రి స్టేషన్ ప్లాట్‌ఫాం, సిమెంటు రోడ్లున్న వీధులు, వీటికి సరిగ్గా సరిపోతుంది. కంకర మీద, ఇసక మీద చిన్న చక్రాలు కూరుకుపోతాయి. బయట తిరగాలంటే కనీసం 8 అంగుళాల చక్రాలున్నది చూడండి. కూర్చునే ముందు రెండు బ్రేకులూ లాక్ చేయడం ఊపిరి తీసుకున్నంత అలవాటు కావాలి. బరువంతా మోపి నడవాల్సినవాళ్ళకు ఇది పనికిరాదు, ముందుకు దొర్లిపోతుంది.

పార్కిన్సన్స్ ఉన్నవాళ్ళ విషయంలో ఒక జాగ్రత్త. ఎత్తి పెట్టే వాకర్‌తో అడుగడుగునా ఆగి మళ్ళీ మొదలుపెట్టాలి. ఆ జబ్బులో అడుగు నేలకు అతుక్కుపోయినట్టు ఆగిపోవడం దీనితో ఇంకా పెరగొచ్చు. నడక ఆగకుండా సాగే చక్రాలదే వాళ్ళకు సాధారణంగా నయం. చేత్తో నొక్కితే ఆగే బ్రేకులా, బరువు మోపితే ఆగే బ్రేకులా అన్నది ఫిజియోథెరపిస్టు తేల్చాలి.

కూర్చునే కర్ర, గొడుగు

కర్రకే మడత సీటు ఉండే రకం ఒకటి దొరుకుతుంది. రేషన్ క్యూ, బ్యాంకు, గుడి దగ్గర వరస, వీటికి బాగుంటుంది. మోయగలిగే బరువు ఎంతో దాని మీద రాసి ఉంటుంది, చూసి కొనండి. బంకమట్టిలో దీని మీద కూర్చోవద్దు, ఒక కాలు దిగబడి పక్కకు ఒరిగిపోతుంది.

గొడుగును కర్రలా వాడే పెద్దవాళ్ళు మన వైపు చాలామంది. గొడుగు ఊచ బరువుకు వంగిపోతుంది, కొన తడి నేల మీద నిలవదు. కర్ర పట్టుకున్న చేతికి గొడుగు కుదరదు కాబట్టి వర్షాకాలానికి మంచి రెయిన్ కోటు కొనుక్కోండి. ఎండాకాలానికి వెడల్పు అంచున్న టోపీ. వేడికి కాళ్ళు చచ్చుబడే జబ్బున్నవాళ్ళు మెడ మీద తడి తువ్వాలు వేసుకోవడం, బయటి పనులు పొద్దున్న తొమ్మిదిలోపు ముగించుకోవడం కర్ర ఎంపికంత ముఖ్యం.

గట్టు, పంటు, బస్సు, గుడి

మన బంకమట్టి వాన పడగానే కర్ర కొనను పట్టేసుకుంటుంది. గట్టిగా లాగితే కర్ర వస్తుంది, రబ్బరు బుష్ మట్టిలోనే ఉండిపోతుంది. బుష్ బిగువుగా ఉండాలి, లోపల ఇనప బిళ్ళ ఉన్నది ఎక్కువకాలం వస్తుంది. ఇంటికి రాగానే బుష్ కింద గాళ్ళలో ఇరుక్కున్న మట్టి కడిగెయ్యండి, మట్టి నిండిన బుష్ నున్నటి సబ్బుబిళ్ళలా జారుతుంది. కొబ్బరితోటల్లో అయితే మట్టల మీద కర్ర పెట్టొద్దు, అవి పొర్లుతాయి. అంతర్వేది, ఓడలరేవు వైపు సముద్రపు గాలికి కర్ర ఎత్తు సర్దే బటన్ తుప్పుపట్టి బిగుసుకుపోతుంది. ఇసకలో తిరిగొచ్చాక మంచినీళ్ళతో కడిగి ఆరబెట్టండి.

నరసాపురం–సఖినేటిపల్లి, కోటిపల్లి–ముక్తేశ్వరం లాంటి రేవుల్లో జనాన్నీ బళ్ళనీ గోదారి దాటించే పంటు ఎక్కేటప్పుడు అందరికంటే ముందు ఉరకొద్దు, అందరికంటే చివరా వద్దు. బళ్ళన్నీ ఎక్కాక, జనం సర్దుకునే లోపల ఎక్కండి. తడిసిన ఇనప రేకు మీద ఏ రబ్బరూ పూర్తిగా నిలవదు. ఒక చేత్తో కర్ర, రెండో చేత్తో ఎవరిదైనా మోచెయ్యి పట్టుకోండి. "ఒక్కసారి చెయ్యందించండి బాబూ" అంటే మన వైపు కాదనేవాళ్ళు లేరు. వాళ్ళు మీ రెక్క పట్టుకుని లాగనివ్వకండి, మీరే వాళ్ళ చెయ్యి పట్టుకోండి. లాగితే తూకం తప్పుతుంది. పంటు మీద నిలబడి గోదారి చూడాలని ఉంటుంది, కూర్చునే చూడండి.

పల్లెవెలుగు బస్సు మొదటి మెట్టు ఎత్తు. కర్ర తాడు మణికట్టుకు తగిలించుకుని, కడ్డీ పట్టుకుని, మంచికాలు ముందు పెట్టి ఎక్కండి. నడిచేటప్పుడు మాత్రం ఆ తాడు మణికట్టుకు ఉండకూడదు, పడితే చెయ్యి మెలిపడుతుంది. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకంలో ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణం వచ్చాక బస్సులు బాగా నిండుతున్నాయి. నాలాంటి వాళ్ళకు బయటికి వెళ్ళే ఖర్చు తగ్గింది, చాలా మంచిది. సీటు దొరకడం మాత్రం కష్టమైంది. అక్కడే కర్ర ఇంకో పని చేస్తుంది. ఒళ్ళు బాగున్న రోజైనా సరే, రద్దీ బస్సులో కర్ర చేతిలో కనిపించేలా పట్టుకోండి. దాన్ని చూసి పక్కవాళ్ళు తొయ్యకుండా జరుగుతారు, దివ్యాంగుల సీటు అడిగితే ఎవరూ ఎగాదిగా చూడరు.

గుళ్ళో రెండు విషయాలు. చెప్పులు విప్పగానే మీ ఎత్తు తగ్గుతుంది, మందమైన చెప్పులు వేసుకునేవాళ్ళు కర్ర ఒక బటన్ దించుకోవాలి. రెండోది, కర్రను చెప్పుల దగ్గర వదిలెయ్యమంటారు. తడిగుడ్డతో కొన తుడిచి, "ఇది లేకపోతే నా కాలు లేనట్టేనండి, తుడిచాను" అని నెమ్మదిగా చెప్పండి. గుడికి వేరే శుభ్రమైన బుష్ ఉంచుకుని గుమ్మం దగ్గర మార్చుకునేవాళ్ళున్నారు, నాకు ఆ పద్ధతి నచ్చింది. వాడపల్లి వెంకటేశ్వరస్వామి గుళ్ళో ఏడు శనివారాల మొక్కున్నవాళ్ళు శనివారం రద్దీలో ప్రదక్షిణలు చేయలేకపోతే చక్రాల కుర్చీలో చేయించుకోండి. మొక్కు తీరకుండా పోదు.

2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. 2015లో మొదటిరోజు రాజమండ్రిలో జరిగిన తొక్కిసలాట ఎవరూ మర్చిపోలేదు. కర్రతో నడిచేవాళ్ళు మొదటిరోజు, పెద్ద ఘాట్లు వద్దనుకోండి. ఊరి దగ్గర చిన్న రేవు, కడ్డీలున్న మెట్లు, జనం పల్చబడ్డ మధ్య రోజులు ఎంచుకోండి. నాచుపట్టిన మెట్ల మీద కర్రను నమ్మొద్దు. పైమెట్టు మీద కూర్చుని ఇంట్లోవాళ్ళ చేత చెంబుతో నీళ్ళు పోయించుకున్నా పుష్కర స్నానమే.

చూపించాలా, దాచుకోవాలా

పైకి కనిపించని జబ్బుకు రెండు పక్కలా పోటు. కర్ర లేకపోతే "బాగానే ఉందిగా, ఎందుకు కూర్చుంటుంది" అంటారు. కర్ర పడితే "ఈ వయసులో కర్రేటమ్మా" అంటారు. ఏ పక్క మాట తేలికో చూసుకుని నడిస్తే మీ కాళ్ళ సంగతి వెనకపడుతుంది.

చెప్పడానికి మూడు దారులున్నాయి. జబ్బు పేరు చెప్పడం, కాలు ఏం చేయలేదో మాత్రమే చెప్పడం, ఏమీ చెప్పకపోవడం. జబ్బు పేరు చెబితే ఎదుటివాళ్ళు దాన్ని పట్టుకుని ఇంకా పది అడుగుతారు, ఎవరికో ఆకు పసరుతో తగ్గిందనే దాకా వెళ్తుంది. అది దగ్గరివాళ్ళకు, డాక్టరుకు, పై ఆఫీసరుకు ఉంచుకోండి. ఏమీ చెప్పకపోతే ఊళ్ళో వాళ్ళకు తోచింది వాళ్ళు చెప్పుకుంటారు. నాకు బాగా పనికొచ్చేది మధ్యదారి.

"కాలికి దెబ్బ తగిలిందా అమ్మాయ్?"

"లేదండి, నరాల ఇబ్బంది. దూరం నడిస్తే కాలు లేవదు. కర్రుంటే బాగానే ఉంటాను."

"ఆయ్, అలాగా. జాగ్రత్తమ్మా."

తొంభై పాళ్ళు ఇక్కడితో అయిపోతుంది. ఆఖరి ముక్క ముఖ్యం, "కర్రుంటే బాగానే ఉంటాను". అది విన్నాక జాలి పడటానికి చోటుండదు. ఒకరోజు కర్రతో, ఇంకోరోజు లేకుండా కనిపిస్తే "తగ్గిపోయిందా?" అని అడుగుతారు. "ఇవాళ బాగుందత్తా, రేపటి సంగతి రేపు" అంటే చాలు. రుజువులు చూపించే పని మీది కాదు.

పెళ్ళిచూపుల వేళ కర్ర లోపలి గదిలో దాచెయ్యమనే ఇళ్ళు ఉన్నాయి. ఆ తల్లిదండ్రుల టెన్షన్ నాకు తెలుసు. అయినా గట్టిగా చెబుతున్నాను, కర్ర పక్కనే పెట్టుకుని కూర్చోండి. పెళ్ళయ్యాక బయటపడితే మాట పడేది అమ్మాయో అబ్బాయో, దాచమన్న బంధువులు కాదు. కర్ర చూసి వెళ్ళిపోయే సంబంధం మొదటిరోజే వెళ్ళిపోతే మంచిదే కదా.

లండన్ దగ్గరి గాట్విక్ విమానాశ్రయంలో 2016లో పైకి కనిపించని జబ్బున్నవాళ్ళ కోసం పొద్దుతిరుగుడు పువ్వుల బొమ్మలున్న ఆకుపచ్చ మెడపట్టీ మొదలుపెట్టారు. ఆ తర్వాత చాలా దేశాలకు పాకింది. ఆలోచన మంచిది, కానీ రావులపాలెం బస్టాండులో దాన్ని గుర్తుపట్టేవాళ్ళుండరు. ఇక్కడ దానికంటే తెలుగులో రాసి లామినేషన్ చేయించుకున్న చిన్న కార్డు నయం. "నాకు నరాల జబ్బు ఉంది. ఎక్కువసేపు నిలబడలేను. దయచేసి కూర్చోడానికి చోటివ్వండి" అని, వెనక ఇంట్లోవాళ్ళ ఫోన్ నంబరు. నోరు పెగలనంత నీరసం వచ్చిన వేళ అది మాట్లాడుతుంది.

సదరం కాగితం తీసుకోవాలా

తీసుకోండి. సదరం అంటే వైకల్యం ఎంత శాతమో డాక్టర్లు పరీక్షించి ఇచ్చే ప్రభుత్వ ధ్రువపత్రం. 1995 నాటి దివ్యాంగుల చట్టంలో 7 రకాల వైకల్యాలే ఉండేవి, 2016 చట్టం వాటిని 21 చేసింది. మల్టిపుల్ స్క్లెరోసిస్, పార్కిన్సన్స్, కండరాల క్షీణత పేరుపేరునా అందులో ఉన్నాయి. కీళ్ళవాతానికి విడిగా పేరు లేకపోయినా కీళ్ళ కదలిక ఎంత తగ్గిందో కొలిచి చలన వైకల్యం కింద చూస్తారు. 40 శాతం, ఆ పైన వస్తేనే చాలా సదుపాయాలు. మన రాష్ట్రంలో ఎన్టీఆర్ భరోసా కింద దివ్యాంగుల పింఛను 2024 జులై నుంచి నెలకు 6,000 రూపాయలు. సదరం పరీక్షకు స్లాటు సచివాలయంలోనో మీసేవలోనో బుక్ చేసుకోవాలి.

మనలాంటి వాళ్ళకు చిక్కు ఎక్కడంటే, పరీక్ష రోజు ఒళ్ళు బాగుంటే చూసినవాళ్ళకు ఏమీ కనిపించదు. అందుకని ఎంఆర్ఐ రిపోర్టులు, డిశ్చార్జి కాగితాలు, న్యూరాలజిస్టు రాసిన చీటీ తేదీల వరసలో పెట్టుకుని వెళ్ళండి. బాగోలేని రోజు ఎంత దూరం నడవగలరో, ఎన్నిసార్లు పడ్డారో డాక్టరు చేత రాయించుకోండి. రోజూ వాడే ఊతంతోనే వెళ్ళండి, డాక్టరుగారి ముందు మర్యాదకని వదిలేసి వెళ్ళొద్దు. ప్రభుత్వ ఉద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే తీసెయ్యడానికీ, హోదా తగ్గించడానికీ ఇదే చట్టం 20వ సెక్షన్ ఒప్పుకోదు. నలుగురిలో కావాలని అవమానిస్తే 92వ సెక్షన్ కింద 6 నెలల నుంచి 5 ఏళ్ళ దాకా జైలు, జరిమానా ఉన్నాయి. ఈ రెండు నంబర్లూ గుర్తుంచుకోండి.

అరవై దాటిన పేదవాళ్ళకు 2017లో మొదలైన రాష్ట్రీయ వయోశ్రీ పథకంలో కర్రలు, మోచేతి కర్రలు, వాకర్లు ఉచితంగా ఇస్తారు. ఆ వయసు రానివాళ్ళకు దివ్యాంగులకు ఇలాంటి ఊతాలిచ్చే ఏడిప్ పథకం ఉంది. శిబిరాల్లో కాన్పూరు అలింకో సంస్థ తయారుచేసినవే ఎక్కువగా వస్తాయి, గట్టిగా ఉంటాయి. కొలత మీది అయ్యేదాకా అక్కడి నుంచి కదలకండి.

కొనేటప్పుడు

ఆన్‌లైన్లో కాస్త తగ్గుతుంది కానీ మొదటి ఊతం మాత్రం షాపులో నడిచి చూసే కొనండి. పది అడుగులు వెయ్యండి, తిరగండి, కుర్చీలోంచి లేవండి. మీ కాళ్ళు అలిసే వేళకే షాపుకు వెళ్ళండి, పొద్దున్నే వెళ్ళి చూస్తే అన్నీ బాగానే అనిపిస్తాయి. రెండో కర్ర కొనేటప్పుడు ఆన్‌లైన్ ఫరవాలేదు, కొలత తెలుసు కాబట్టి.

స్తోమతుంటే రెండు ఉంచుకోండి. నా లెక్కలో ఇల్లు దాటేవాళ్ళకు ఒక గట్టి కర్ర, ఒక మడత కర్ర. జబ్బు ఎక్కువగా ఉన్నవాళ్ళకు బయటకు మోచేతి కర్ర, సీటున్న చక్రాల వాకర్ ఒకటి. రంగు మీకు నచ్చింది తీసుకోండి, నలుపే ఉండాలని లేదు. సందె పడ్డాక గట్ల మీద నడిచేవాళ్ళు కర్రకు కింద, మధ్యలో రేడియం స్టిక్కరు అంటించండి, బైకు వెలుగులో దూరం నుంచి కనిపిస్తుంది. హవాయి చెప్పులు మానేసి వెనక పట్టీ ఉన్నవి వేసుకోండి. కూరల సంచి చేత్తో పట్టకుండా భుజానికి అడ్డంగా వేసుకునే బ్యాగు వాడండి.

బిల్లు కట్టేముందు అదే సైజు రబ్బరు బుష్‌లు ఇంకో రెండు అడిగి తీసుకోండి. కర్ర కింద సైజు మిల్లీమీటర్లలో ఉంటుంది, తరవాత వెతికితే ఒక్కోసారి దొరకదు. నెలకోసారి కర్ర తిరగేసి చూసి, గాళ్ళు అరిగి నున్నబడితే ఆరోజే మార్చెయ్యండి.